పేలకుండా మిగిలేవాటి లెక్క

సభాధ్యక్షులకు, నిర్వాహకులకు, ఇక్కడికి విచ్చేసిన మిత్రులందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది క్లస్టర్ బాంబుల గురించి, అవి నేల మీద వదిలి వెళ్లే పేలని బాంబుల గురించి, వాటిని నిషేధించాలా వద్దా అని దేశాల మధ్య దశాబ్దాలుగా సాగుతున్న వాదన గురించి. ఈ వాదనలో సైనికాధికారులు, దౌత్యవేత్తలు, న్యాయవాదులు, ఆయుధ తయారీదారులు, బాంబులను ఏరివేసే పనివారు, కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న బాధితులు పాల్గొన్నారు. ఎవరు ఎక్కడి నుంచి మొదలుపెట్టినా చివరికి అందరూ ఒకే ప్రశ్న దగ్గర ఆగుతారు: వేసిన బాంబుల్లో ఎన్ని పేలవు? ఆ ప్రశ్నకు చాలాకాలం శాతాల్లో జవాబు చెబుతూ వచ్చారు. శాతాలు పరీక్షా మైదానంలో తేలతాయి, పొలంలో మాత్రం బాంబులు మిగులుతాయి. ఈ రెండింటి మధ్య దూరాన్ని చూడనంతకాలం ఈ ఆయుధం గురించి నిజాయితీగా మాట్లాడలేమని నేను నమ్ముతున్నాను. నా ప్రసంగమంతా ఆ దూరం గురించే.

ముందుగా ఆయుధం ఏమిటో చూద్దాం. క్లస్టర్ ఆయుధం నిజానికి ఒక డొల్ల. విమానం నుంచి జారవిడిచే బాంబుగానో, ఫిరంగి గుండుగానో, రాకెట్‌గానో అది ఉంటుంది. గాలిలో ఉండగానే తెరుచుకుని, లోపల పేర్చి ఉంచిన పదుల కొద్దీ, వందల కొద్దీ చిన్న బాంబులను కిందికి వెదజల్లుతుంది. ఈ ప్రసంగంలో వాటిని పిల్లబాంబులని పిలుస్తాను. అమెరికాలో తయారైన ఎం-26 రాకెట్‌ను తీసుకుంటే, ఒక్కొక్క రాకెట్‌లో 644 పిల్లబాంబులు ఉంటాయి. దాన్ని ప్రయోగించే వాహనం ఒక విడతలో 12 రాకెట్లను వదలగలదు. అంటే ఒక్క వాహనం ఒక్కసారి గురిపెట్టి వదిలితే 7,728 పిల్లబాంబులు నేల మీదికి వస్తాయి. అవి ఒక బిందువు మీద పడవు, విశాలమైన స్థలమంతటా పరుచుకుంటాయి. సైన్యాలు ఈ ఆయుధాన్ని ఇష్టపడేది అందుకే, పౌరులు దీనికి భయపడేదీ అందుకే.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1943 జూన్‌లో జర్మనీ విమానాలు ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీ, క్లీథార్ప్స్ పట్టణాల మీద రెక్కల్లా విచ్చుకునే రేకులున్న చిన్న బాంబులను చల్లాయి. దాడి ముగిసిందని సైరన్ మోగిన తరువాత, వీధుల్లోకి వచ్చిన జనం వాటిని తాకి, తన్ని, చేతిలోకి తీసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ బాంబులు ఎంత నష్టం చేశాయో శత్రువుకు తెలియకూడదని బ్రిటన్ ఆ వార్తను బయటికి రానివ్వలేదు. ఆ తరువాతి ఎనభై ఏళ్లలో వచ్చిన ప్రతి కథలోనూ కనిపించే లక్షణం ఆ తొలి కథలోనే ఉంది: దాడి అయిపోయాక కూడా చావులు ఆగలేదు.

ఇక ఒక పిల్లబాంబు పేలాలంటే ఏం జరగాలో కొంచెం వివరంగా చెబుతాను. వాదన మొత్తానికీ వేరు ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఓపిక పట్టమని కోరుతున్నాను. ఫిరంగి గుండులో ఇమిడే రకాన్ని చూద్దాం. అది అరచేతిలో పట్టేంత చిన్న లోహపు గొట్టం. లోపల ఉక్కు కవచాన్ని తొలిచే రాగి గరాటు ఉంటుంది, చుట్టూ ముక్కలై ఎగిరే ఉక్కు గోడ ఉంటుంది, పైభాగాన ఒక గుడ్డ పట్టీ ఉంటుంది. గుండు గాలిలో తెరుచుకున్నాక ఆ పట్టీ విచ్చుకోవాలి. గాలికి రెపరెపలాడుతూ గొట్టాన్ని నిటారుగా నిలపాలి. ఆ కదలికకు ఫ్యూజులోని మర వదులై, భద్రత కోసం పెట్టిన అడ్డు పక్కకు జరగాలి. ఆ తరువాత గొట్టం తగినంత వేగంతో, తగిన కోణంలో, తగినంత గట్టి నేలను తాకాలి. అప్పుడు మాత్రమే సూది, పేలుడును రగిలించే డిటోనేటర్‌ను పొడుస్తుంది. ఈ వరుసలో ఏ ఒక్క మెట్టు తప్పినా బాంబు పేలదు. పట్టీలు ఒకదానికొకటి చిక్కుకోవచ్చు. గుండు మరీ తక్కువ ఎత్తులో తెరుచుకుని, అడ్డు జరగడానికి సమయం చాలకపోవచ్చు. బురదలో, ఇసుకలో, మంచులో, దున్నిన మెత్తటి మట్టిలో, నీటి గుంటలో పడవచ్చు. చెట్టు కొమ్మకు తగిలి వేగం తగ్గవచ్చు, కొండవాలు మీద పక్కకు ఒరిగి పడవచ్చు. గోదాములో ఇరవై ముప్పై ఏళ్లు నిల్వ ఉన్న సరుకైతే లోపలి భాగాలే పాడై ఉండవచ్చు.

పేలని బాంబు చచ్చిన బాంబు కాదు. చాలా సందర్భాల్లో దాని భద్రతా అడ్డు అప్పటికే తొలగిపోయి ఉంటుంది, సూది డిటోనేటర్ పక్కన సిద్ధంగా ఉంటుంది, జరగకుండా ఆగిపోయింది చివరి తాకిడి ఒక్కటే. ఆ తాకిడిని తరువాత నాగలి కర్రు ఇవ్వవచ్చు, గునపం ఇవ్వవచ్చు, ఆడుకునే పిల్లవాడి చేయి ఇవ్వవచ్చు. సంవత్సరాలు గడిచిన కొద్దీ లోహం తుప్పుపట్టి, స్ప్రింగులు బలహీనపడి, అది ఎప్పుడు ఎలా ప్రవర్తిస్తుందో తయారుచేసినవారు కూడా చెప్పలేని స్థితికి చేరుతుంది.

ఇప్పుడు శాతాల సంగతికి వద్దాం. ఎం-26 రాకెట్లలోని పిల్లబాంబుల్లో 16 శాతం పేలడం లేదని అమెరికా రక్షణ శాఖ పరీక్షల్లోనే తేలింది. ఇందాక చెప్పిన 7,728లో 16 శాతమంటే పన్నెండు వందలకు పైగా పేలని బాంబులు, అవీ ఒక వాహనం ఒక విడతలో వదిలినవి. 2023లో ఉక్రెయిన్‌కు క్లస్టర్ ఫిరంగి గుండ్లు ఇస్తున్నప్పుడు వాటి వైఫల్యం 2.35 శాతం మించదని అమెరికా ప్రకటించింది. ఆ అంకెను యథాతథంగా నమ్ముదాం. అక్కడికి పంపినవాటిలో ఒక రకం గుండులో 72 పిల్లబాంబులు ఉంటాయి. వంద గుండ్లు పేల్చితే 7,200 పిల్లబాంబులు, వాటిలో 2.35 శాతమంటే దాదాపు 170. యుద్ధరంగంలో వంద గుండ్లు పెద్ద సంఖ్యేమీ కాదు. వేలల్లో పేల్చితే మిగిలేవీ వేలల్లోనే ఉంటాయి. పైగా, ఆ శాతాన్ని కొలిచేది ఎక్కువగా గట్టి, చదునైన పరీక్షా స్థలాల్లో, ఎదురుకాల్పులు లేని వేళలో, లెక్కలు రాసుకునే నిపుణుల సమక్షంలో. యుద్ధం జరిగేది చెట్ల మధ్య, బురదలో, మంచులో, ఊళ్ల అంచున.

ఈ దూరం ఎంతో నిర్ద్వంద్వంగా బయటపడింది లెబనాన్‌లో. 2006 వేసవిలో ఇజ్రాయెల్‌కు, లెబనాన్‌లోని సాయుధ సంస్థ హిజ్బుల్లాకు మధ్య 34 రోజుల యుద్ధం జరిగింది. దక్షిణ లెబనాన్ మీద ఇజ్రాయెల్ ప్రయోగించిన పిల్లబాంబుల సంఖ్య నలభై లక్షల వరకూ ఉంటుందని ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది. ఆ దాడుల్లో 90 శాతం చివరి 72 గంటల్లో, అంటే కాల్పుల విరమణ రాబోతోందని అందరికీ తెలిసిన తరువాత జరిగాయని, అది పూర్తిగా అనైతికమని అప్పటి ఐరాస మానవతా వ్యవహారాల అధిపతి యాన్ ఎగెలాండ్ బహిరంగంగా విమర్శించారు. ఆగస్టు 14న కాల్పులు ఆగగానే, ఇళ్లు వదిలి వెళ్లిన లక్షల మంది ఒక్కసారిగా తిరిగి వచ్చారు. పొగాకు తోటల్లో, ఆలివ్ తోటల్లో, ఇళ్ల పైకప్పుల మీద, పెరళ్లలో పిల్లబాంబులు పడి ఉన్నాయి. పంట కోతకు వచ్చిన సమయం అది. కోయకపోతే ఏడాది తిండి పోతుంది, కోస్తే ప్రాణం పోవచ్చు. ఆ ఎంపికను ఒక రైతు కుటుంబం ముందు పెట్టడానికి ఏ సైనిక అవసరం సరిపోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అక్కడ పడినవాటిలో ఎం-85 అనే రకం ఒకటి. దానికి తనంతట తానే పేలిపోయే అదనపు ఏర్పాటు ఉంది. మొదటి తాకిడికి పేలకపోతే కొన్ని క్షణాల తరువాత ఆ ఏర్పాటు దాన్ని నాశనం చేయాలి. ఇలాంటి వాటిలో పేలనివి ఒక శాతం లోపే ఉంటాయని తయారీదారులు హామీ ఇచ్చారు, బ్రిటన్ సహా కొన్ని ప్రభుత్వాలు ఆ హామీని నమ్మాయి. 2003లో బ్రిటిష్ సైన్యం ఇరాక్‌లోని బాస్రా వద్ద ఈ రకం పిల్లబాంబులున్న గుండ్లను సుమారు 2,000 పేల్చింది కూడా. లెబనాన్‌లో బాంబులను ఏరివేసిన నిపుణులు, నార్వే పరిశోధకులు కలిసి నేల మీద మిగిలినవాటిని పరిశీలించి 2007లో ఒక నివేదిక ఇచ్చారు. ఆ ఎం-85లు యుద్ధరంగంలో సుమారు పది శాతం పేలకుండా మిగిలాయని అందులో తేలింది. ఒక్క శాతం అన్న వాగ్దానం పొలంలో పది రెట్లయింది. నిషేధ చర్చ గతిని ఈ ఒక్క పరిశోధన ఎంత మార్చిందో కొద్దిసేపట్లో చెబుతాను.

అంతకుముందు లావోస్ గురించి చెప్పాలి. క్లస్టర్ బాంబుల గురించి మాట్లాడుతూ లావోస్‌ను పక్కన పెట్టడం సాధ్యం కాదు. 1964 నుంచి 1973 వరకు, వియత్నాం యుద్ధానికి సమాంతరంగా, అమెరికా ఆ చిన్న దేశం మీద 5,80,000 సార్లు బాంబుదాడులు చేసింది. ఇరవై లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించింది. తొమ్మిదేళ్ల పాటు పగలూ రాత్రీ, సగటున ఎనిమిది నిమిషాలకు ఒక విమానం చొప్పున. ఒక భాగం ఉత్తర వియత్నాం సైన్యానికి సరఫరాలు చేరే హోచిమిన్ మార్గాన్ని తెంచడానికి, మరొక భాగం ఉత్తరాన షియెంగ్ ఖ్వాంగ్ ప్రాంతంలో సాగుతున్న అంతర్యుద్ధంలో ఒక పక్షానికి అండగా. ఆ యుద్ధాన్ని అమెరికా ప్రజలకు అప్పట్లో చెప్పలేదు. ఆ బాంబుల్లో దాదాపు 27 కోట్ల పిల్లబాంబులు ఉన్నాయని, వాటిలో 30 శాతం వరకు, అంటే ఎనిమిది కోట్ల దాకా పేలకుండా మిగిలాయని అంచనా. టెన్నిస్ బంతి అంత ఉండే ఆ గుండ్రటి బాంబును లావోస్ ప్రజలు బాంబీ అంటారు. దాని గోడలో వందల ఉక్కు గుళ్లు పొదిగి ఉంటాయి. 1964 నుంచి ఇప్పటివరకు పేలుడు పదార్థాల వల్ల చనిపోయినవారు, గాయపడినవారు యాభై వేలకు పైగా ఉంటే, వారిలో దాదాపు ఇరవై వేల మంది యుద్ధం ముగిసిన తరువాతి బాధితులు. అంటే శాంతికాలంలో, తమ సొంత పొలంలో, తమ సొంత పెరట్లో దెబ్బతిన్నవారు.

ఎలా దెబ్బతిన్నారో తెలుసుకుంటే ఈ ప్రమాదం స్వభావం అర్థమవుతుంది. పొలం తవ్వుతుంటే పారకు తగిలి పేలినవి ఉన్నాయి. నేల మీద మంట వేసుకుంటే, కింద కొద్ది లోతులో పూడిపోయిన బాంబు వేడెక్కి పేలినవి ఉన్నాయి. ఆ ఇంటివారికి అక్కడ బాంబు ఉందని తెలిసే అవకాశమే లేదు. ఇనుము, అల్యూమినియం తుక్కు అమ్ముకుంటే నాలుగు డబ్బులు వస్తాయని బాంబు ముక్కలు ఏరేవారు ఉన్నారు. ప్రమాదం తెలియక కాదు, ఆకలి తెలుసు కాబట్టి. ఇక పిల్లల సంగతి. గుండ్రంగా, చేతికి సరిపోయేలా ఉన్న వస్తువు కనిపిస్తే పిల్లలు తీయకుండా ఉండలేరు. పిల్లలకు ముట్టుకోవద్దని నేర్పడం అవసరమే, ఆ పని చేస్తున్న ఉపాధ్యాయులకు, స్వచ్ఛంద కార్యకర్తలకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ ఒక దేశంలోని పిల్లలందరూ తరతరాలుగా ఎప్పుడూ పొరపాటు చేయకుండా ఉండాలన్న షరతు మీద వారి ప్రాణాలు నిలబడి ఉండడం ఎంత క్రూరమో గమనించండి.

అఫ్ఘానిస్తాన్‌లో 2001లో మరొక రకమైన విషాదం ఎదురైంది. అమెరికా విమానాలు వేసిన పిల్లబాంబులు పసుపు రంగులో ఉన్నాయి, అదే కాలంలో ఆకలితో ఉన్న ప్రజల కోసం విమానాల నుంచి జారవిడిచిన ఆహార పొట్లాలూ పసుపు రంగులోనే ఉన్నాయి. రెండింటి మధ్య తేడా గమనించమని రేడియోలో హెచ్చరికలు చేయవలసి వచ్చింది, తరువాత ఆహార పొట్లాల రంగు మార్చవలసి వచ్చింది.

పేలని బాంబు ఎంతకాలం ప్రమాదకరంగా ఉంటుందని అడిగేవారికి ఐరోపా జవాబు చెబుతుంది. జర్మనీలోని గోటింగెన్‌లో 2010లో రెండో ప్రపంచ యుద్ధకాలపు బాంబును నిర్వీర్యం చేయబోతుండగా అది పేలి ముగ్గురు నిపుణులు మరణించారు. 2017లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అలాంటి మరొక బాంబు కోసం అరవై వేల మందికి పైగా ఇళ్లు ఖాళీ చేశారు. డబ్బు, నిపుణులు, పటాలు, యంత్రాలు అన్నీ ఉన్న దేశంలోనే డెబ్బై ఏళ్ల తరువాత ఇదీ పరిస్థితి. అవి లేని దేశాల గురించి వేరే చెప్పనక్కరలేదు.

బాంబులను తొలగించడం ఎందుకింత ఆలస్యమవుతుందో కొద్దిగా చెబుతాను. ముందు సర్వే జరగాలి. ఎక్కడ దాడి జరిగిందో, గ్రామస్థులు ఎక్కడెక్కడ బాంబులు చూశారో సేకరించి, అనుమానం ఉన్న నేలను గళ్లుగా విడగొట్టాలి. తరువాత తాళ్లు కట్టి గుర్తించిన దారుల్లో మెటల్ డిటెక్టర్‌తో అడుగు అడుగూ నడవాలి. ఆ పరికరానికి బాంబు, మేకు, పాత డబ్బా రేకు అన్నీ ఒకటే. ప్రతి శబ్దాన్నీ బాంబే అనుకుని పక్క నుంచి నెమ్మదిగా తవ్వాలి. బాంబు బయటపడితే సాధారణంగా దాన్ని కదపరు. పక్కన పేలుడు పదార్థం అమర్చి, ఇసుక బస్తాలు పేర్చి, చుట్టుపక్కల వారిని దూరంగా పంపి, దూరం నుంచి పేల్చేస్తారు. వర్షాకాలంలో పని ఆగిపోతుంది, అడవిలో పొదలు కొట్టకుండా అడుగు పడదు. ఒక నిమిషంలో చల్లినదాన్ని ఏరడానికి సంవత్సరాలు పడుతుంది. లావోస్‌లో యుద్ధం ముగిసి యాభై ఏళ్లు దాటినా శుభ్రమైన నేల చిన్న భాగమే.

ఇక నిషేధం కథ. సంప్రదాయ ఆయుధాల ఒప్పందం పరిధిలో, జెనీవాలో ఈ చర్చ ఎన్నో ఏళ్లు సాగింది. అక్కడ నిర్ణయాలు ఏకాభిప్రాయంతో జరగాలి, కాబట్టి ఒక్క పెద్ద దేశం కాదంటే పని ఆగిపోతుంది. 2003లో పేలని యుద్ధ అవశేషాల మీద అయిదో ప్రోటోకాల్, అంటే అయిదో అనుబంధ ఒప్పందం కుదిరింది, 2006లో అమలులోకి వచ్చింది. అది మంచిదే, కానీ యుద్ధం ముగిశాక శుభ్రం చేయడం గురించే మాట్లాడింది, ఆయుధాన్ని ముట్టుకోలేదు. లెబనాన్ దృశ్యాలు ప్రపంచం కళ్ల ముందు ఉండగా, 2007 ఫిబ్రవరిలో నార్వే చొరవ తీసుకుని ఓస్లోలో సమావేశం పిలిచింది. మందుపాతరల నిషేధానికి 1997లో నడిచిన దారే ఇదీ. కలిసివచ్చే దేశాలు ముందు కదలాలి, రానివారి కోసం ఆగకూడదు. 2008 మే 30న డబ్లిన్‌లో 107 దేశాలు క్లస్టర్ ఆయుధాల నిషేధ ఒప్పందాన్ని ఆమోదించాయి, డిసెంబర్ 3న ఓస్లోలో సంతకాలు మొదలయ్యాయి, 2010 ఆగస్టు 1న అది అమలులోకి వచ్చింది.

డబ్లిన్‌లో అసలు పోరాటం మినహాయింపుల మీద జరిగింది. తనంతట తానే పేలిపోయే ఏర్పాటు ఉన్న ఆయుధాలను నిషేధం నుంచి తప్పించాలని కొన్ని దేశాలు పట్టుబట్టాయి. ఎం-85 నివేదిక అక్కడ పనిచేసింది. ఏ ఆయుధాన్ని మంచి క్లస్టర్ బాంబుగా చూపించారో అదే లెబనాన్ నేల మీద విఫలమైందని రుజువయ్యాక ఆ మినహాయింపుకు నిలబడడానికి చోటు లేకుండా పోయింది. చర్చలు ముగియబోతుండగా బ్రిటన్ తన దగ్గర ఉన్న క్లస్టర్ ఆయుధాలన్నిటినీ విరమించుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ గదుల్లో బాధితులు కూడా ఉన్నారన్నది మరవకూడదు. సెర్బియాలో నాటో వేసిన బాంబులను తొలగిస్తూ 2000లో రెండు చేతులూ రెండు కాళ్లూ పోగొట్టుకున్న బ్రానిస్లావ్ కపెటానోవిచ్ ఈ ఉద్యమానికి గొంతుగా నిలిచారు. శాతాల గురించి మాట్లాడే ప్రతినిధులు ఆయన ముఖం చూస్తూ మాట్లాడవలసి వచ్చింది.

ఒప్పందం ఏం చెబుతుందో క్లుప్తంగా చెబుతాను. వాడకం, తయారీ, నిల్వ, బదిలీ అన్నీ నిషేధం. నిల్వలను ఎనిమిదేళ్లలో నాశనం చేయాలి, కలుషితమైన నేలను పదేళ్లలో శుభ్రం చేయాలి, అవసరమైతే గడువు పొడిగింపు కోరవచ్చు. బాధితులంటే గాయపడినవారే కాదు, వారి కుటుంబాలు, వారి సమాజాలు కూడా అని గుర్తించి, వైద్యం, పునరావాసం, జీవనోపాధి అందించడాన్ని బాధ్యతగా చేసింది. ఈ చివరి అంశం నా దృష్టిలో చాలా గొప్పది. కృత్రిమ కాలు ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు, పెరిగే పిల్లవాడికి కాలు మళ్లీ మళ్లీ మార్చాలి.

నిషేధాన్ని వ్యతిరేకించేవారి వాదనలో బలం లేదని నేను చెప్పను. విశాలమైన కందకాల్లో దాగిన సైన్యం మీద, చెల్లాచెదురుగా ఉన్న ఫిరంగుల మీద ఒక క్లస్టర్ గుండు అనేక మామూలు గుండ్ల పని చేస్తుందని సైనికులు అంటారు. అది వాడకపోతే అంతకు ఎన్నో రెట్లు మామూలు గుండ్లు పేల్చాలి, వాటిలోనూ పేలనివి ఉంటాయి కదా అంటారు. ఉక్రెయిన్ విషయంలో ఈ వాదన ఎంతో బరువుతో ముందుకు వచ్చింది. రష్యా 2022 ఫిబ్రవరి నుంచే అక్కడ క్లస్టర్ ఆయుధాలను విస్తృతంగా వాడింది. ఆ ఏప్రిల్ 8న క్రమటోర్స్క్ రైల్వే స్టేషన్లో రైలు కోసం ఎదురుచూస్తున్న జనం మీద క్లస్టర్ క్షిపణి పడి యాభై మందికి పైగా మరణించారు. ఉక్రెయిన్ సైన్యమూ తన పాత నిల్వలను వాడింది. 2023 జూలైలో అమెరికా క్లస్టర్ గుండ్లు పంపాలని నిర్ణయించినప్పుడు, మాది మా సొంత నేల, పట్టణాల్లో వాడం, ఎక్కడ వాడామో నమోదు చేస్తాం, తరువాత మేమే శుభ్రం చేస్తామని ఉక్రెయిన్ హామీ ఇచ్చింది. ఆక్రమణకు గురైన దేశం, గుండ్లు అయిపోతున్న వేళ చెప్పిన మాట అది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేసే హక్కు సురక్షితంగా కూర్చున్న ఎవరికీ లేదు. అయినా బ్రిటన్, కెనడా, స్పెయిన్, న్యూజిలాండ్ వంటి మిత్రదేశాలు కూడా ఆ నిర్ణయాన్ని సమర్థించలేదు.

నేను ఎందుకు ఒప్పుకోలేనంటే, ఈ ఆయుధం వల్ల కలిగే సైనిక లాభం కొన్ని గంటలదో, కొన్ని వారాలదో. మిగిలే నష్టం తరాలది. ఆ నష్టాన్ని భరించబోయేవారు నిర్ణయం జరిగే గదిలో ఉండరు, చాలామంది ఇంకా పుట్టి కూడా ఉండరు. సొంత నేల అన్న వాదన నాయకత్వానికి సంబంధించింది, ఆ నేలను రేపు దున్నబోయే మనిషిని ఎవరూ అడగలేదు. మామూలు గుండ్లూ పేలకుండా మిగులుతాయన్నది నిజమే, కానీ వంద గుండ్లలో మిగిలేవి కొన్ని పెద్ద గుండ్లు, క్లస్టర్ గుండ్లలో మిగిలేవి గడ్డిలో కనిపించని పదుల, వందల చిన్నవి. 2022లో క్లస్టర్ ఆయుధాల వల్ల ప్రపంచంలో చనిపోయినవారు, గాయపడినవారు 1,172 మంది అని ఈ ఆయుధాలను పరిశీలించే క్లస్టర్ మ్యూనిషన్ మానిటర్ నమోదు చేసింది. వారిలో అత్యధికులు పౌరులు, అత్యధిక భాగం ఉక్రెయిన్‌లోనే.

న్యాయస్థానాలూ ఈ ఆయుధ స్వభావాన్ని గుర్తించాయి. 1995 మే నెలలో క్రొయేషియా రాజధాని జాగ్రెబ్ నగరం మీద ఓర్కాన్ అనే క్లస్టర్ రాకెట్లతో దాడి జరిగింది. అంత దూరం నుంచి, అంత జనసమ్మర్దం ఉన్న చోట ఆ ఆయుధం సైనిక లక్ష్యానికి, పౌరులకు మధ్య తేడా చూపలేదని అంతర్జాతీయ ట్రైబ్యునల్ నిర్ధారించి, 2007లో క్రొయేషియాలోని తిరుగుబాటు సెర్బుల నాయకుడు మిలాన్ మార్టిచ్‌కు ఈ దాడికీ ఇతర నేరాలకూ కలిపి 35 ఏళ్ల శిక్ష విధించింది. యుద్ధచట్టం మూలసూత్రం ఈ తేడాను పాటించడమే.

అమెరికా, రష్యా, చైనా, భారతదేశం, పాకిస్తాన్, ఇజ్రాయెల్, ఉక్రెయిన్ ఈ ఒప్పందంలో చేరలేదు. ఎక్కువగా తయారుచేసేవారు, వాడేవారు బయటే ఉన్నప్పుడు ఒప్పందానికి విలువేమిటని అడుగుతారు. సభ్యదేశాలు ప్రకటించిన నిల్వలన్నీ 2023 డిసెంబర్‌లో పెరూ తన చివరి బాంబును నాశనం చేయడంతో అంతరించాయి. మొత్తం 14 లక్షల 90 వేల క్లస్టర్ ఆయుధాలు, వాటిలోని 17 కోట్ల 90 లక్షల పిల్లబాంబులు. లావోస్ నేల మీద మిగిలినవాటికి రెట్టింపు కంటే ఎక్కువ బాంబులు ఏ పొలంలోనూ పడకుండానే పోయాయి. బయట ఉన్న దేశంలో కూడా ఒత్తిడి పనిచేసింది. యెమెన్‌లో సౌదీ నాయకత్వంలోని కూటమి వాడకం మీద వచ్చిన విమర్శల తరువాత, అమెరికాలో ఈ ఆయుధాలు తయారుచేస్తున్న టెక్స్‌ట్రాన్ సంస్థ 2016లో తయారీ మానేసింది.

అందుకే లిథువేనియా నిర్ణయం నన్ను కలవరపెడుతోంది. 2025 మార్చి 6న ఆ దేశం ఒప్పందం నుంచి బయటికి వెళ్లింది. అంతకుముందు అలా వెళ్లిన దేశం లేదు. పొరుగున ఉన్న రష్యా నుంచి ముప్పు వారికి నిజమైనదే. అయితే శాంతిగా ఉన్నప్పుడు పాటించి, భయం వేసినప్పుడు వదిలేసే నియమం యుద్ధకాలంలో ఎవరినీ కాపాడదు. ఈ నియమాలు రాసుకున్నదే భయం వేసే రోజు కోసం.

ఒప్పందంలో చేరని దేశాలు కూడా రేపే చేయగలిగిన పని ఒకటి ఉంది. ఎక్కడ, ఎప్పుడు, ఏ రకం, ఎన్ని వేశారో సైన్యాల దగ్గర లెక్కలు ఉంటాయి. ఏరివేసే బృందానికి ఆ సమాచారం అందితే వెతకవలసిన నేల ఎంతో తగ్గుతుంది. లెబనాన్ దాడుల వివరాలను ఇజ్రాయెల్ ఐక్యరాజ్యసమితికి ఇచ్చింది 2009 మేలో, అంటే దాదాపు మూడేళ్ల తరువాత. ఆ మూడేళ్లలో అక్కడి బృందాలు ప్రజల జ్ఞాపకాలను, నేల మీది గుంతలను నమ్ముకుని పనిచేశాయి. కాల్పులు ఆగిన మరునాడే ఆ పటాలు చేతికి వచ్చి ఉంటే ఎన్ని పొలాలు ముందుగా తెరుచుకునేవో ఆలోచించండి. దాడి వివరాలను నమోదు చేయాలని, వెంటనే అందించాలని అయిదో ప్రోటోకాల్ అడుగుతోంది. రెండో పని డబ్బు. ఒబామా 2016లో లావోస్ వెళ్లినప్పుడు మూడేళ్లకు తొమ్మిది కోట్ల డాలర్లు ప్రకటించారు, బాంబులు వేసిన దేశం నుంచి వచ్చిన ఆ సహాయం అక్కడ చాలా పని చేయించింది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సహాయాన్ని స్తంభింపజేసినప్పుడు అనేక దేశాల్లో ఏరివేత బృందాలు పని ఆపి ఇళ్లకు వెళ్లవలసి వచ్చింది. అప్పుడు శిక్షణ పొందిన మనుషులు ఉన్నారు, పరికరాలు ఉన్నాయి, గుర్తించిన పొలాలు ఉన్నాయి, జీతాలకు మాత్రం డబ్బు లేకపోయింది. పార్లమెంట్లలో, బడ్జెట్ చర్చల్లో, ఎన్నికల సభల్లో ప్రజాప్రతినిధులను ఈ రెండు విషయాలు అడగమని కోరుతున్నాను: దాడుల పటాలు ఇచ్చారా, ఏరివేతకు ఈ ఏడాది ఎంత కేటాయించారు?

ఓపికగా విన్నందుకు కృతజ్ఞతలు. ప్రశ్నలకు ఇప్పుడు సమయం ఉంది.